పైనాపిల్ పిజ్జా తీసేయడం లేదు, ధర మాత్రం పెంచుతున్నాం

అందరికీ నమస్కారం. లండన్ అంటే ఇంగ్లండ్‌లోది కాదు, కెనడా ఒంటారియోలోని మన లండన్. ఇక్కడి మీ పిజ్జా కొట్టు నుంచి రెండు విషయాలు. వచ్చే సోమవారం నుంచి పెద్ద పిజ్జా మీద ఒక డాలర్ పెరుగుతుంది. పైనాపిల్ పిజ్జా మెనూలోనే ఉంటుంది.

ముందు ధర సంగతి. కారణం చీజ్. ఈ దేశంలో రైతుకిచ్చే పాల ధరను డెయిరీ కమిషన్ ఏటా లెక్కగడుతుంది. అక్కడ పెరిగితే చీజ్ పెరుగుతుంది, చీజ్ పెరిగితే నా బిల్లు పెరుగుతుంది. పాత ధరకే చీజ్ తగ్గించి ఇవ్వొచ్చు. మొదటి ముక్క కొరికేసరికి మీకు తెలిసిపోతుంది కాబట్టి ఆ పని వద్దనుకున్నాం. డెలివరీ యాప్‌లో రేటు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, వాళ్ల కమిషన్ అందులోనే ఉంది. ఫోన్‌లో చెప్పి, వచ్చి పట్టుకెళ్తే మీకూ మాకూ మేలు.

ఇక పైనాపిల్. "అన్నా, ఆ తియ్యటి పిజ్జా తీసేసి గోంగూర చికెన్ రోజూ పెట్టు" అని కౌంటర్ దగ్గర తమ్ముళ్లు తరచూ అడుగుతున్నారు. వాళ్లకు నా జవాబు కాస్త పెద్దది.

హవాయియన్ అని పేరున్నా ఆ పిజ్జా పుట్టింది మన పక్కనే, ఇక్కణ్ణుంచి విండ్సర్ వెళ్లే దారిలో ఉన్న చాతంలో, 1962లో. చేసినాయన గ్రీకువాడు, సామ్ పానొపూలస్. 1954లో ఇరవై ఏళ్ల వయసులో ఓడెక్కి కెనడా వచ్చాడు. ఆ ఓడ నేపుల్స్‌లో ఆగినప్పుడే పిజ్జా అనేది మొదటిసారి ఆయన కంటపడిందట. తర్వాత అన్నదమ్ములతో కలిసి చాతంలో శాటిలైట్ అనే రెస్టారెంట్ నడిపాడు. బర్గర్లు, ఫ్రైలు, పొద్దున పాన్‌కేకులు, మధ్యలో చైనీస్ వంటలు కూడా. ఏది అమ్ముడైతే అది వండటమే. ఆ రోజుల్లో అక్కడ పిజ్జాకి డబ్బాలు కూడా దొరికేవి కావు. ఫర్నిచర్ షాపు నుంచి అట్టలు తెచ్చి, గుండ్రంగా కోసి, వాటి మీద పెట్టి ఇచ్చేవాళ్లమని ఆయనే చెప్పాడు. ఈ సంగతి చదివినప్పటి నుంచి ఆయనంటే నాకు ఇష్టం. శుక్రవారం రాత్రి డబ్బాలు అయిపోతే ఎంత టెన్షనో పిజ్జా కొట్టువాడికే తెలుస్తుంది.

టిన్ను పైనాపిల్‌ని పిజ్జా మీద వేసింది కూడా సరదాకే, ఎలా ఉంటుందో చూద్దామని. పేరు ఆ టిన్ను బ్రాండుది. అప్పట్లో అక్కడివాళ్లు తీపినీ పులుపునీ కలిపి తినేది చైనీస్ వంటల్లోనే. అది వాళ్ల సంగతి. పులుసులో బెల్లం వేసుకునే మన గోదావరి వాళ్లు కూడా "ఇదేం కాంబినేషన్" అంటుంటే నాకు నవ్వొస్తుంది.

దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. 2017లో ఐస్‌లాండ్ అధ్యక్షుడు బడిపిల్లలతో మాట్లాడుతూ, తన చేతిలో ఉంటే పిజ్జా మీద పైనాపిల్‌ని నిషేధిస్తానన్నాడు. అది ప్రపంచమంతా చర్చయింది, అప్పటి మన ప్రధాని ట్రూడో పైనాపిల్ పక్షాన ట్వీట్ చేశాడు. ఆ ఏడాది జూన్‌లోనే పానొపూలస్ 82 ఏళ్ల వయసులో పోయాడు, ఈ లండన్‌లోనే. ఆయన ఊళ్లో కొట్టు పెట్టుకుని ఆయన పిజ్జాని నేను తీసేయలేను.

ఇందులో సెంటిమెంటే కాదు, లెక్క కూడా ఉంది. మనవాళ్లు ముట్టకపోయినా ఇక్కడి కెనడా వాళ్లు దాన్ని బాగానే కొంటారు. గోంగూర చికెన్ మీద మాకు మిగిలేది తక్కువ. ఫ్రోజెన్ గోంగూర కొని, నీరు పిండి, వేయించేసరికి ప్యాకెట్టంతా గుప్పెడవుతుంది. అందుకే అది శుక్ర, శని, ఆదివారాలే. మధ్యాహ్నంలోపు చెప్పినవాళ్లకి ముందు.

తాజా పైనాపిల్ వాడొచ్చుగా అని ఒక అక్క అడిగారు. తాజా పండులో నీరెక్కువ, పైగా అందులోని ఎంజైము చీజ్‌ని చెడగొడుతుంది. టిన్నులోది ముందే వేడిచేసినది కాబట్టి ఆ గొడవ లేదు. రసం వంచేసి, తుడిచి వేస్తాం.

తినని తమ్ముళ్లు దాని మీద హాలపీన్యో మిరపకాయ ముక్కలు వేయించుకుని ఒకసారి చూడండి. నచ్చకపోతే డబ్బులు వెనక్కివ్వను గానీ, గార్లిక్ బ్రెడ్ నా ఖాతాలో.