బానెట్ లేపి చూస్తే

హన్మకొండ,
ఆదివారం రాత్రి

దోస్త్,

ఎట్లున్నావురా? గోదావరిఖనిలో వానలు తగ్గాయా? మొన్న నువ్వు బానెట్ లోపల ఎట్లా కడగాలని అడుగుతుంటే బాపు పిలిచాడని ఫోన్ సగంలో పెట్టేశాను. ఈరోజు పొద్దున మా బండికి అదే పని చేశాను. చేతులకు ఇంకా గ్రీజు వాసన పోలేదు. అన్నీ గుర్తున్నప్పుడే రాద్దామని కూర్చున్నా.

దసరాకు అందరం బండి కడుగుతాం, పసుపు కుంకుమ పెడతాం, బంతిపూల దండ వేస్తాం. బానెట్ మాత్రం ఎవరూ లేపరు. నాకది మనసుకు పట్టదు. మనల్ని మోసేది లోపలున్న ఆ ఇంజనే కదా!

ముందు ఒక మాట గట్టిగా చెప్తున్నా, ప్రెషర్ పైపు జోలికి పోకు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయొస్తే తాడ్వాయి దారి దుమ్మంతా ఇంజన్ మీదనే ఉంది. నాకు ఓపిక లేక ఒక వాటర్ సర్వీసింగ్ షాపులో ఇచ్చాను. ఆ పిల్లాడు నేరుగా ఇంజన్ మీదికే జెట్ కొట్టాడు. తెల్లారి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది గానీ బండంతా ఒకటే వణుకుడు, చెక్ ఇంజన్ లైట్ మిణుకుమంటోంది. అమ్మను డాక్టర్‌కు చూపించాల్సిన రోజది, నాకెంత టెన్షన్ అయిందో! మెకానిక్ స్పార్క్ ప్లగ్‌కు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ పైకి లాగి చూపించాడు. స్పార్క్ ప్లగ్ కూర్చునే గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. మంట పుట్టించాల్సిన కరెంటు ఆ తడిమీదుగా పక్కకు పోతోంది, అందుకే మిస్సింగ్. గాలి కొట్టి ఆరబెట్టాక గానీ బండి దారికి రాలేదు.

అందుకే ఇప్పుడు నేనే చేసుకుంటా. రాత్రంతా నిలబడి చల్లారిన బండి మీదనే మొదలుపెట్టు. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు పడితే ఇనుము పగలొచ్చు, జిడ్డు వదిలించడానికి చల్లే డీగ్రీజర్ కూడా పని చేయకముందే ఎండిపోతుంది. 10 నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ ముందు విప్పు. బిగించేటప్పుడు మైనస్ చివరన. డైనమో, ఫ్యూజ్ బాక్సు, ఎయిర్ ఫిల్టర్ మూతి, కాయిల్స్, వీటన్నింటికీ పాలిథిన్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వెయ్యి.

నీ దగ్గర బొగ్గు పొడి కాబట్టి ఇంకో జాగ్రత్త. తడపకముందే పొడి పెయింట్ బ్రష్‌తో మెల్లగా దులుపు, లేకుంటే నల్లటి బురదై సందుల్లోకి దిగుతుంది. ఆ తర్వాత డీగ్రీజర్ కొంచెం కొంచెం చల్లి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తడిబట్టతో తుడువు. నేను మొత్తం ఇంజన్‌కు వాడింది ఒక బకెట్ నీళ్లు, అవీ చాలావరకు బట్ట పిండుకోవడానికే. కిరోసిన్ వద్దురా. ఎవరు ఎంత చెప్పినా వద్దు. రబ్బరు పైపులు ఉబ్బిపోతాయి, పైగా మంటల భయం. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి పడితే వంటసోడా కలిపిన నీళ్లతో రుద్దు, ఆరాక కొద్దిగా వాసెలిన్ పూయి. మెరుపు కోసం రాసే పాలిష్ ప్లాస్టిక్ మూతలకు చాలు, బెల్ట్ మీద మాత్రం ఒక్క చుక్క పడనీయకు.

ఇక ఈరోజు సంగతి చెప్పాలి. ఇంజన్ పైమూత తీయగానే పిడికెడు దూది కనిపించింది, మధ్యలో పల్లీ పొట్టు! ఎలుక గూడు. మా ఇల్లు ఎనుమాముల మార్కెట్ తొవ్వలోనే కదా, పత్తి బండ్లు పోయే కాలంలో రోడ్డంతా దూది ఎగురుతుంది. ఏరుకొచ్చి మెత్తగా పరుచుకుంది. దాని కిందే ఒక సన్నటి వైరు, పైతోలు కొరికి రాగి మెరుస్తోంది. ఇంకో వారం ఆగితే తెగిపోయేదే. టేప్ చుట్టి ఆపాను, రేపు మెకానిక్‌కు చూపించి సరిగ్గా వేయిస్తాను. షెడ్డులో బండి పక్కన పెట్టిన పల్లీల సంచులు బాపుతో చెప్పి ఇంట్లోకి మార్పించాను.

రెండోది, కడిగే ముందు ఫోటోలు తీసుకున్నా. నువ్వూ తీసుకో, తుడిచాక మరక ఎక్కడుండెనో గుర్తుండదు. రేడియేటర్ పై పైపు క్లిప్ చుట్టూ ఎండిన ఉప్పులాగా గులాబీ రంగు పొడి ఉంది. అంతా తుడిచి, ఆరబెట్టి, 20 నిమిషాలు స్టార్ట్ చేసి పెట్టాను. సరిగ్గా అదే చోట గోరంత చుక్క ఊరింది. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కారుతోంది! మురికిలో ఉన్నన్నాళ్లూ కనబడనే లేదు. చల్లారినాక క్లిప్ బిగించాను, మళ్లీ స్టార్ట్ చేసి చూస్తే పొడిగానే ఉంది. ఆ పైపు మీద చేయి పెట్టి కాసేపు అట్లనే నిలబడ్డాను, అంత తృప్తిగా అనిపించింది.

రేడియేటర్ రేకుల్లో దూది గానీ బొగ్గు పొడి గానీ ఇరుక్కుంటే ఇంజన్ వైపు నుంచి ముందుకు గాలి కొట్టు. గట్టిగా వద్దు, రేకులు వంగుతాయి.

దసరాకు వస్తావుగా? ఒకరోజు ముందే రా, నీ బండి బానెట్ ఇద్దరం కలిసి లేపుదాం. అంతవరకు రోజూ పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, కూలెంట్ డబ్బా గీత ఎక్కడుందో చూసి పెట్టు. తగ్గుతుంటే ఆగకుండా నాకు ఫోన్ చెయ్యి.

నీ దోస్త్