అక్కయ్యకు మాత్రమే కనిపించిన ప్రకటన

సంపాదకుడు గారికి,

ఆన్‌లైన్ వేదికలు ప్రకటనల మీదే నడవాలని, లేకపోతే సామాన్యుడికి ఉచిత సేవ అందదని పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ ఉచితం ఖరీదు ఎంతో మా ఇంట్లో చూశాం కాబట్టి రాస్తున్నాను.

బ్రాడీపేటలో ఒంటరిగా ఉండే మా అక్కయ్యకు డెబ్బై రెండేళ్లు. ఇరవై ఏళ్లుగా షుగరు. రోజూ తెల్లవారుజామున ఫోనులో విష్ణు సహస్రనామం పెట్టుకుంటుంది. మధ్యలో వచ్చే ప్రకటనలో తెల్లకోటు మనిషి ఒకడు కనిపించి, ఈ పొడి నలభై రోజులు వాడితే మాత్రలతో పని లేదంటాడు. అక్కయ్య నమ్మి మాత్రలు మానేసింది. కళ్లు తిరిగి పడిపోయి ఆసుపత్రిలో చేరితే గానీ మాకు సంగతి తెలియలేదు. పూజ గూట్లో, కుంకుమ భరిణె పక్కన, మూడు డబ్బాలు దొరికాయి. ఒక్కొక్కటి 1,499 రూపాయలు!

ఆ ప్రకటన కోసం నా ఫోనులో ఎంత వెతికినా కనిపించలేదు. షుగరుకు ఏం తినాలని అక్కయ్య ఫోనులో వెతికింది కనుక ఆమెకే వస్తోంది. అదే మీ పత్రికలో అచ్చయితే ఊళ్లో డాక్టర్లంతా చూస్తారు, మర్నాడే నిలదీస్తారు. ఇక్కడ రోగి తప్ప ఎవరూ చూడరు. ఇక పట్టుకునేదెవరు?

షుగరు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఫిర్యాదు తీసుకువెళితే ఒక కార్యాలయం వారు ఇంకో కార్యాలయానికి వెళ్లమన్నారు, అక్కడివారు ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నారు. కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టడానికి నగరపాలక సంస్థ అనుమతి కావాలి. ప్రాణం మీదికి తెచ్చే ప్రకటనకు ఎవరి అనుమతీ అక్కర్లేదా? పిల్లలను గురి చూసి ప్రకటనలు వేయకూడదని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో రాశారు. వృద్ధులు, రోగులు ఏం పాపం చేశారు?

వేరే దారి లేదనడం నిజం కాదు. 2001లో మొదలైన వికీపీడియా విరాళాలతో నడుస్తోంది. వాట్సాప్ ఒకప్పుడు ఏడాదికి ఒక డాలరు తీసుకునేది, ప్రకటనలు ఉండేవి కావు. 2016లో ఆ రుసుము తీసేశారు, 2025లో స్టేటస్‌లోకి ప్రకటనలు తెచ్చారు. కేబుల్‌కు నెలనెలా కడుతున్న వాళ్లం, దీనికీ కొద్దిపాటి రుసుము కట్టలేమా? కట్టలేని వారికి ప్రకటనలు చూపించక తప్పదంటే, మందుల ప్రకటనకు డబ్బు తీసుకున్న వేదికనే ముద్దాయిని చేయాలి.

ఆ మూడు డబ్బాలు, బిల్లులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ అధికారి అడిగినా స్వయంగా తెచ్చి ఇస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అరండల్‌పేట, గుంటూరు