ఎ, యాన్, ది విషయంలో ఇంట్లో మీరు చేయగల సాయం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఆరు, ఏడు తరగతుల ఇంగ్లిష్ నోటు పుస్తకాలు చూశాను. స్పెల్లింగులు చాలా మెరుగయ్యాయి. ఎర్ర సిరా ఎక్కువగా పడింది ఆర్టికల్స్ దగ్గరే, అంటే నామవాచకాల ముందు వచ్చే 'ఎ', 'యాన్', 'ది' దగ్గర. కొందరు పిల్లలు వాటిని పూర్తిగా వదిలేస్తున్నారు. ఇంకొందరు తప్పవుతుందేమోనన్న టెన్షన్‌తో ప్రతి నామవాచకం ముందూ 'ది' పెట్టేస్తున్నారు. దయచేసి దీన్ని నిర్లక్ష్యం అనుకుని కోప్పడకండి. తెలుగులో ఆర్టికల్స్ లేవు. రష్యన్‌లోనూ లేవు, ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు ఆ భాషవాళ్లు తడబడేదీ ఇక్కడే.

ఆర్టికల్స్ చేసే పని మాత్రం మన పిల్లలకు కొత్త కాదు. "దారిలో ఒక కుక్క కనిపించింది. ఆ కుక్క నా వెంటే వచ్చింది" అంటాం కదా. మొదటి వాక్యంలో అది ఏ కుక్కో వినేవాళ్లకు తెలియదు కాబట్టి 'ఎ డాగ్', తర్వాత తెలిసిపోయింది కాబట్టి 'ది డాగ్'. చిక్కల్లా ఎక్కడంటే, తెలుగులో ఆ 'ఒక', 'ఆ' అనకపోయినా చాలాసార్లు మాట సాగిపోతుంది. ఇంగ్లిష్‌లో సాగదు. అందుకే ఆర్టికల్ దగ్గర పిల్లలు ఆగిపోతే, "నువ్వు దేని గురించి చెబుతున్నావో వినేవాళ్లకు ముందే తెలుసా?" అని అడగండి. సూర్యుడు ఒక్కడే కాబట్టి 'ది సన్' అనడానికి ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు.

'ఎ', 'యాన్' తేడాకు అక్షరాన్ని కాదు, శబ్దాన్ని చూడాలి. స్పెల్లింగులో అచ్చు ఉంటే 'యాన్' అని బట్టీ పట్టిన పిల్లలు 'యాన్ యూనివర్సిటీ' అని రాస్తున్నారు. ఆ మాటను తెలుగు లిపిలో రాయించి చూడండి. 'యూనివర్సిటీ' హల్లుతో మొదలవుతుంది, కాబట్టి 'ఎ'. 'అవర్' స్పెల్లింగు హెచ్‌తో మొదలైనా పలికేది అచ్చు, కాబట్టి 'యాన్ అవర్'. మన లిపి ఇంత చక్కగా దారి చూపడం నాకెంతో ఇష్టం. ఒక్క జాగ్రత్త. మనం 'యాపిల్' అని రాస్తాం, 'యెగ్గు' అని పలుకుతాం. ఇంగ్లిష్ ఉచ్చారణలో ఆ రెండిటి ముందూ 'య' లేదు. కాబట్టి 'యాన్' రావాలి.

అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ లాంటి లెక్కపెట్టని మాటల ముందు 'ఎ', 'యాన్' రావు. స్కూల్ సంగతి మరీ ఆసక్తికరం. చదువుకోవడానికి వచ్చే మీ పాప 'ఐ గో టు స్కూల్' అనాలి. మీటింగుకు వచ్చే మీరు 'ఐ వెంట్ టు ది స్కూల్' అనాలి. భవనం ఒకటే, వచ్చే పని వేరు.

ఇంట్లో వ్యాకరణ సూత్రాలు వల్లె వేయించకండి. పాఠంలోంచి ఒక పేరా తీసుకుని, ఆర్టికల్స్ ఉన్నచోట ఖాళీలు వదిలి రాసి ఇవ్వండి. పిల్లలు నింపాక, ఎందుకు అలా నింపారో చెప్పమనండి. జవాబు తప్పినా ఫర్వాలేదు, కారణం చెప్పగలిగితే సగం నేర్చుకున్నట్టే.

వచ్చే వారం నుంచి మా టీచర్లు ఆర్టికల్ తప్పులను దిద్దరు, ఆ చోట సున్నా మాత్రం చుడతారు. దయచేసి మీరూ దిద్దకండి. పిల్లలు తామే సరిచేసి, ఆ పేజీని శనివారం మీ సంతకానికి తెస్తారు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు