గిటారుకు సరే, డ్రమ్స్‌కు చోటేదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం. బెంగళూరుకు పెద్ద పెద్ద కచేరీలు వస్తున్నాయనీ, వాటివల్ల హోటళ్లకూ ట్యాక్సీలకూ రాబడి పెరుగుతోందనీ మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. సంతోషమే. 2007 మార్చిలో ప్యాలెస్ గ్రౌండ్స్‌కు ఐరన్ మెయిడెన్ అనే విదేశీ రాక్ బ్యాండ్ వచ్చినప్పుడూ, 2011 అక్టోబరులో మెటాలికా బ్యాండ్ వచ్చినప్పుడూ ఆ జనంలో నేనూ ఉన్నాను. కానీ ఒక్క రాత్రి వాయించి విమానం ఎక్కేవాళ్ల సంగతి వేరు, ఈ ఊళ్లోనే ఉంటూ సొంత పాట కట్టుకునేవాళ్ల సంగతి వేరు. ఈ రెండోవాళ్ల గురించి, అందులోనూ డ్రమ్మర్ల గురించి ఎవరూ మాట్లాడటం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది మదనపల్లె. పదకొండేళ్లుగా ఇందిరానగర్ దగ్గర ఒక జామ్ రూమ్ నడుపుతున్నాను. బ్యాండ్లవాళ్లు గంటల లెక్కన అద్దెకు తీసుకుని సాధన చేసుకునే గది అది. గోడలకు శబ్దాన్ని పీల్చుకునే రాక్‌వూల్, పైన మందపాటి గుడ్డ, కింద రెండు పొరల కార్పెట్. గిటారువాడు ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేసుకోగలడు. మామూలు డ్రమ్ సెట్టుతో డ్రమ్మర్‌కు ఆ వీలు లేదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. డ్రమ్ సెట్టులో ముందుండే చిన్న డ్రమ్ము స్నేర్. దానిమీద ఒక్కటి గట్టిగా వేస్తే దగ్గర్లో నూరు దాటుతుంది. పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టే హక్కు ఎవరికీ లేదు, నేనూ ఒప్పుకుంటాను. అందుకే డ్రమ్మర్‌కు ఒక గదీ, ఒక వేదికా కావాలి. ఆ రెండూ లేకపోతే చెయ్యి తిరగదు.

నాకు బాగా తెలిసిన ఒక హిందూపురం కుర్రాడి సంగతి చెబుతాను. ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరి, ఇక్కడే సొంత పాటలు కట్టుకునే ఒక ఇండీ రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్ అయ్యాడు. సొంత స్నేర్, రెండు సింబల్స్ (పళ్లెంలాంటి కంచు తాళాలు), బాస్ డ్రమ్ పెడల్ సంచిలో వేసుకుని బైకు మీద వచ్చేవాడు. చూపుడు వేలికి ఎప్పుడూ టేపు చుట్టి ఉండేది. అతను వెళ్లాక గది ఊడిస్తే చేటలో స్టిక్కుల పేళ్లు పడేవి. నాలుగేళ్లలో నా కళ్లముందే తాళం పట్టేవాడల్లా పాటను నడిపేవాడయ్యాడు. పాడేవాడు కాస్త తొందరపడితే, తాను తొందరపడకుండా అతన్ని మెల్లగా వెనక్కి తీసుకొచ్చేవాడు. వినేవాళ్లకు ఆ సంగతి తెలియదు. బాగుందని మాత్రం తెలుస్తుంది.

2018లో వాళ్లకు ఎదురుదెబ్బ తగిలింది. ప్రజా వినోద స్థలాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ బెంగళూరు పోలీసులు 2005లో ఇచ్చిన ఉత్తర్వును ఆ ఏడాది జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. తర్వాత తనిఖీలు మొదలయ్యాయి. లైసెన్సు కావాలంటే భవనం వాడకానికి తగినదని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, అగ్నిమాపక శాఖ అనుమతి చూపాలి. పాత భవనాల్లో నడిచే చోట్లు చాలావరకు అవి చూపలేక, పాట మానేసి భోజనాలతో సరిపెట్టుకున్నాయి. ఆపద్ధర్మంగా కొన్నిచోట్ల 'అన్‌ప్లగ్డ్' (కరెంటు వాయిద్యాలు లేని పాట) పేరుతో ఒక గిటారును, ఒక గొంతును రానిచ్చారు. ఈ కుర్రాడి బ్యాండ్ వాయించే చోట మేనేజరు తేల్చి చెప్పేశాడు: "గిటారుకు సరే, డ్రమ్స్ మాత్రం తేవద్దు." ఆరు నెలలు కాహోన్ అనే చెక్కపెట్టె మీద కూర్చుని అరచేతులతో వాయించాడు. అదీ మంచి వాయిద్యమే. కానీ కాలితో ఒకటి, చేతులతో రెండు పట్టుకుని నాలుగేళ్లు సాధించిన పని ఆ పెట్టె మీద ఎక్కడ చూపిస్తాడు?

లైసెన్సు వద్దని నేను అనడం లేదు. మంటలంటుకుంటే బయటపడే దారి లేని మేడమీద నూరుమందిని కూర్చోబెట్టడం తప్పే. నా అభ్యంతరం వేరు. మందు పోసి నృత్యాలు చేయించే బారుకూ, యాభై మంది కూర్చుని నలుగురు కుర్రాళ్ల సొంత పాటలు వినే కాఫీ దుకాణానికీ ఒకే పద్ధతి ఏమిటని. పైగా బ్యాండ్ పోయిన చోట్ల నిశ్శబ్దమేమీ రాలేదు. డీజే పెట్టెలు వచ్చాయి. వాటి అదురు మూడు ఇళ్ల అవతల కిటికీ అద్దాల్లో తెలుస్తుంది. కొలవాల్సింది ప్రహరీ దగ్గర మీటరుతో శబ్దాన్ని, లోపల ఉన్నది డ్రమ్మా గిటారా అని కాదు.

ఇంతకూ మన కుర్రాడు ఊరుకోలేదు. తన వంతు గంట అయిపోయాక నా వరండాలో కూర్చుని, ఎవరో వదిలేసిన పాత గిటారు మీద తీగలు పట్టడం నేర్చుకున్నాడు. డ్రమ్మర్లు పాటలు రాయడం కొత్తేమీ కాదు. నిర్వాణ బ్యాండ్‌కు డ్రమ్స్ వాయించిన డేవ్ గ్రోల్, ఆ బ్యాండ్ ఆగిపోయాక 1994 అక్టోబరులో అమెరికాలోని సియాటిల్ దగ్గర ఒక స్టూడియోలో దాదాపు అన్ని వాయిద్యాలూ తానే వాయించి వారం రోజుల్లో పాటలన్నీ రికార్డు చేశాడు. అతని కొత్త బ్యాండ్ ఫూ ఫైటర్స్ మొదటి ఆల్బమ్‌గా 1995లో వచ్చినవి అవే. మనవాడూ నా గదిలో అదే వరస పెట్టుకున్నాడు. ముందు చెవిలో లయ తప్పకుండా కొట్టే క్లిక్ వింటూ డ్రమ్స్, దానిమీద బాస్ గిటారు, తర్వాత గిటారు, చివరికి గొంతు. పాటలు తెలుగులో, అదీ హిందూపురం యాసలో. ఒక పాట పెన్నా ఇసుక గురించి. అందులో చరణం ముగిసేచోట నాలుగో దెబ్బ వేయకుండా వదిలేస్తాడు. ఆ ఖాళీలో ఏటిలో నీళ్లు లేవన్న మాట వినిపిస్తుంది. గిటారుతో మొదలుపెట్టినవాడికి ఆ ఖాళీ తట్టదని నా నమ్మకం.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వాయించినవాళ్లకూ వాణిజ్య వాడకంలో రాయల్టీ హక్కు కల్పించారు. కానీ స్నేహితులు కలిసి పెట్టుకున్న బ్యాండ్‌లో కాగితాలు ఎవరు రాసుకుంటారు? ఆ బ్యాండ్ పాటలకు రచయితలుగా గిటారు వాయించిన ఇద్దరి పేర్లే నమోదయ్యాయి. అన్నేళ్ల వాయిద్యానికి ఇతనికి దక్కింది బైకు పెట్రోలు ఖర్చు. అతను ఎవరినీ తప్పుపట్టడు. నేనే ప్రతి కొత్త బ్యాండ్‌కూ ఇప్పుడు చెబుతున్నాను: ముందు ఒక కాగితం రాసుకోండి నాయనా, తర్వాత వాయించండి అని.

మన సంప్రదాయంలో తాళవాద్యానికి ఇంత చిన్నచూపు లేదు. చామరాజపేట ఫోర్ట్ హైస్కూలు ఆవరణలో శ్రీ రామసేవా మండలి 1939 నుంచి రామనవమి సంగీతోత్సవాలు జరుపుతోంది. అక్కడ తని ఆవర్తనం, అంటే తాళవాద్యం ఒక్కటే వాయించే వంతు వచ్చిందంటే గాయకుడు పాట ఆపి, తొడమీద తాళం వేస్తూ మృదంగం వింటాడు. మృదంగ విద్వాంసుడి పేరు కరపత్రంలో అచ్చవుతుంది. పందిట్లో లేచి వెళ్లేవాళ్లూ ఉంటారు, నిజమే. అయినా ఆయన సమయం ఆయనకు ఉంటుంది. ఈ ఊరికి తాళం వినడం తెలుసు. రాక్ సంగీతంలో సొంత పాటలు వినడమూ తెలుసు. సొంత పాటలే ఊపిరిగా నడిచిన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ అనే బ్యాండ్ 1996లో పుట్టింది ఇక్కడే కదా!

నగరపాలక అధికారులకు నా విన్నపం ఇది. నూరుమందికి లోపు, మద్యంతో సంబంధం లేని చిన్న సంగీత సభలకు వేరుగా ఒక తేలికపాటి అనుమతి పెట్టండి. రాత్రి పది లోపే ముగించమనండి, మీటరు పెట్టి కొలవండి, దాటితే జరిమానా వేయండి. అది అయ్యేలోగా ఉన్న చోట్లు తెరవండి. ఎం.జి. రోడ్డు మెట్రో స్టేషన్ దగ్గర రంగోలీ కళాకేంద్రం ఉంది. కబ్బన్ పార్కులో బ్యాండ్ పేరుమీదే కట్టిన బ్యాండ్ స్టాండ్ ఉంది. నెలకో ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఇక్కడి కుర్రాళ్లకు ఇస్తే ఎవరికి నష్టం?

మన తెలుగు సంఘాల పెద్దలకూ ఒక మాట. ఉగాదికి ఆర్కెస్ట్రా పెట్టి సినిమా పాటలు పాడిస్తున్నారు, అందరితోపాటు నేనూ కూర్చుని విన్నాను. అందులో ఒక అరగంట, ఇక్కడే ఉంటూ తెలుగులో సొంతంగా పాట కట్టినవాళ్లకు ఇవ్వండి. పోయినేడాది ఒక సంఘాన్ని అడిగితే, "తెలిసిన పాటలైతే చూద్దాం" అన్నారు. వినిపించకుండా ఏ పాటైనా తెలిసిన పాట ఎలా అవుతుందండీ?

ఆ కుర్రాడు మూడు నెలల కిందట ఉద్యోగం మారి పుణె వెళ్లాడు. స్నేర్ నా దగ్గరే ఉంచి వెళ్లాడు. వేదిక దొరికిందని ఫోన్ చేస్తే రాత్రి బస్సెక్కి వస్తానన్నాడు. డ్రమ్ సెట్టు, మైకులు, పెట్టెలు నా ఆటోలో నేనే తెచ్చి బిగిస్తాను, పైసా అద్దె తీసుకోను. ఏ ఆదివారమో, ఎక్కడో చెబితే చాలు.

ఇట్లు,
ఒక జామ్ రూమ్ నిర్వాహకుడు,
ఇందిరానగర్, బెంగళూరు