వినవలసిన ప్రదర్శనకు మైకు ప్రసంగాలా?

సంపాదకుడు గారికి, నమస్కారం.

మగ్గాల చప్పుళ్ల రికార్డింగులు వినిపిస్తూ నల్లగొండలో ఇటీవల జరిగిన ధ్వని కళా ప్రదర్శనపై మీ జిల్లా పేజీలో ‘బొమ్మల్లేని బొమ్మల కొలువు’ అంటూ వెటకారంగా వచ్చిన వార్త చదివి, పోనీలే అని కొన్నాళ్లు ఊరుకున్నా, ఇక ఉండబట్టక ఈ లేఖ రాస్తున్నాను.

గోడలకు చిత్రాలు లేకపోవడం మీ విలేకరికి వింతగా తోచింది గానీ, దృశ్యకళా రంగంలో అది ఏనాడో పాతబడింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో క్లైడ్ నది వంతెనల కింద పాత జానపద శోకగీతాన్ని తన గొంతుతోనే స్పీకర్లలో వినిపించిన సూసన్ ఫిలిప్స్‌కు 2010లో బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ బహుమతి వచ్చింది. అంత దూరం ఎందుకు, 2018లో కొచ్చి బినాలె అనే కళా ప్రదర్శనలో కళాకారిణి శిల్పా గుప్తా వంద మైకులు వేలాడదీసి, జైలుపాలైన వంద మంది కవుల పంక్తులను ఆ మైకుల్లోంచే వినిపించారు. శబ్దం ఎటు నుంచి వస్తున్నదో వెతుక్కుంటూ గదిలో తిరగడమే అక్కడ చూడటం.

మన ప్రదర్శనలోనూ అదే జరిగింది. మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె చప్పుడు ఎడమ గోడ దగ్గర బయలుదేరి కుడి గోడకు చేరేది. ఆ వెంటనే దువ్వెనలాంటి అచ్చు వచ్చి పేకను, అంటే ఆ అడ్డపోగును, గుద్దిన మోత సరిగ్గా మన ఎదుట వినబడేది. కళ్లు మూసుకుంటే మగ్గం ఎంత వెడల్పో తెలిసిపోయేది. ఇంతలో విచ్చేసిన పెద్దలు అదే హాలులో మైకు పెట్టించుకుని, మగ్గాల రికార్డింగును ఆపించి, కళల పరిరక్షణపై గంటకు పైగా ప్రసంగించారు! శాలువాలు కప్పించుకున్న వారి పేర్లన్నీ మీ వార్తలో వచ్చాయి. ఊరూరూ తిరిగి ఆ ధ్వనులు సేకరించిన పిల్లల పేరు ఒక్కటీ రాలేదు.

అసలు వినడమంటే మన అధికారులకు పట్టింపే లేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటరాదని, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు మోగరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నా, బరాత్ డీజే మీద ఫిర్యాదు చేస్తే ‘పెండ్లి కదా సార్, సర్దుకోండి’ అనే జవాబే వస్తుంది. కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చేదాకా పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాయిద్యం ఒకటుందని మనలో ఎందరికి తెలుసు?

ఇకముందు ఇటువంటి ప్రదర్శన పెడితే ప్రసంగాలు ఆరుబయట జరిపించాలని నిర్వాహకులను, కనీసం పావుగంట కూర్చుని విన్నాకే వార్త రాయవలసిందిగా మీ విలేకరిని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ