దుప్పటి మడతా, తుపాకీ చాంబరూ

చిన్నా,

సైనిక శిక్షణ నుంచి నువ్వు రాసిన ఉత్తరం చదువుతుంటే ముందు నవ్వొచ్చింది. దుప్పటి మడత వంకర పోయిందని కిట్ మొత్తం నేల మీద కుమ్మరించి మళ్లీ సర్దమన్నారా! ఎందుకని అడిగితే ‘ఇక్కడ ఎప్పుడూ ఇంతే’ అన్నారని రాశావు. ఆ జవాబు నాకూ మింగుడు పడలేదు. అది ఆ రూలు వయసు చెబుతుందే గానీ కారణం చెప్పదు.

అలాగని అన్నింటినీ ఒకే గాటన కట్టకు. 1607లో నెదర్లాండ్స్‌లో అచ్చయిన ఒక డ్రిల్ పుస్తకంలో, తుపాకీ నింపి పేల్చడానికి 40కి పైగా భంగిమలు బొమ్మలతో సహా ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఉత్త చాదస్తం అనిపిస్తుంది. కానీ అప్పటి సైనికుడి చేతిలో మండే వత్తి ఉండేది, ఒంటి మీద మందుగుండు వేలాడేది. వరసలో ఒక్కడు తొందరపడ్డా పక్కవాడి ప్రాణం మీదికి వచ్చేది. చాంబర్, అదే తూటా కూర్చునే గది, ఖాళీయో కాదో చూసుకో, బారెల్ మనిషి వైపు తిప్పకు అంటూ ఇప్పుడు నీకు విసుగొచ్చేలా చెప్పేది కూడా ఆ భయంతోనే. అందులో ఒక్క మెట్టు కూడా దాటెయ్యకు. నిద్రలో లేపినా నీ చెయ్యి అదే వరసలో కదలాలి.

పటాటోపం రూళ్లు వేరు. 19వ శతాబ్దం మధ్య దాకా బ్రిటిష్ సైనికుల మెడకు గట్టి తోలు పట్టీ ఉండేది, తల నిటారుగా నిలబడాలని. నిలబడేది, పాపం, గురి చూడ్డానికి వంచడమే కష్టమయ్యేది. భారత నౌకాదళంలో అధికారులు బ్యాటన్ అనే పొట్టి చేతికర్ర పట్టుకు తిరిగే పద్ధతిని వలస పాలన నాటి అలవాటని 2023లో తీసేశారు. దాంతో ఓడలేవీ మునిగిపోలేదు.

నన్ను నిజంగా భయపెట్టేది నీళ్ల సంగతి. కొద్దికొద్దిగా నీళ్లు తగ్గిస్తూ పోతే ఒళ్లు దానికే అలవాటు పడుతుందని ఒకప్పుడు సైన్యాల్లో నమ్మేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎడ్వర్డ్ అడాల్ఫ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త బృందం అమెరికా ఎడారిలో మనుషులను నడిపించి చూసింది. నీళ్లు తాగనివాళ్లకు చెమటేమీ ఆగలేదు, వాళ్లే ముందు సోలిపోయారు. ఎండకు ఒళ్లు అలవాటు పడే మాట నిజమే. కాకపోతే అప్పుడు చెమట ఇంకా ముందుగా, ఇంకా ఎక్కువగా పడుతుంది, నీళ్లూ ఎక్కువే కావాలి. అయినా దాహం ఓర్చుకోవడమే మగతనం అనేవాళ్లు ఇంకా తగులుతారు. పరుగులో పక్కవాడు తూలుతూ, అడిగినదానికి పొంతన లేకుండా మాట్లాడితే వరస చెడినా సరే, నీడకు లాగి ఒంటి మీద నీళ్లు పోసి డాక్టర్ని పిలవండి. శిక్ష పడితే పడనీ.

దుప్పటి దగ్గర మాత్రం అక్కడికక్కడే వాదన పెట్టుకోకు. చెప్పింది చేసెయ్. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ తీరిగ్గా ఉన్నప్పుడు నలుగురూ కలిసి వెళ్లండి. “సార్, సర్దడానికే రాత్రి చాలాసేపు పోతోంది, నిద్ర చాలక ఫైరింగ్‌లో చెయ్యి నిలవడం లేదు” అనండి. మాకు నచ్చలేదంటే ఎవరూ వినరు, పనికి అడ్డొస్తోందంటే కొందరైనా వింటారు. విననివాళ్ల మీద కోపం పెంచుకోకు. ఆ రూలు గుర్తుంచుకో, రేపు నీ చేతి కింద కుర్రాళ్లుంటారు.

కాళ్ల బొబ్బలు తగ్గాయో లేదో రాయలేదేం? తడిసిన సాక్సులు వెంటనే మార్చుకో. అమ్మ రోజూ అడుగుతోంది.

నాన్న