నీ నాలుగో గేరూ నా నాలుగో గేరూ ఒకటి కాదురా మామా

రేయ్ మామా,

ఎట్టున్నావ్? పోయిన ఆదివారం కార్ల గేములో ఓడిపోయి నువ్వు ఫోన్లో అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. "నాది 700 గుర్రాల (హార్స్‌పవర్) సుప్రా, నీది 500 కూడా దాటదు, మలుపు దాటగానే నన్నెట్టా కొట్టేస్తావ్, ఏదో చేశావ్ నువ్వు" అని. ఏమీ చెయ్యలేదురా. ఫోన్లో చెప్తుంటే మధ్యలో నువ్వే మాట్లాడేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నా. ఇందులో నువ్వు అడ్డం రాలేవు, చివరిదాకా చదవాల్సిందే.

నాకు ఇప్పుడు రాత్రుళ్ళు పనీ ఉంది, ఖాళీ కూడా ఉంది. ఇందుకూరుపేట అవతల మా చెరువుల గట్టు మీద షెడ్డులోనే పడక. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కదా, ఆ టైములో నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే రొయ్యలు పైకి తేలిపోతాయి, అందుకని నిద్రపోకూడదు. నిద్ర పోకుండా ఉండటానికి కొందరు టీ తాగుతారు, కొందరు సినిమాలు చూస్తారు, నేను ల్యాప్‌టాప్‌లో మనమాడే కారు రేసుల గేము ఫోర్జా హొరైజన్ 5 పెట్టుకుని నీ కారునీ నా కారునీ కొలుస్తూ కూర్చున్నా, నాలుగు రాత్రులు.

నువ్వు పంపిన షేర్ కోడ్‌తో నీ ట్యూన్, అదే నీ కారు సెట్టింగులన్నీ, దించుకున్నా. ఇద్దరిదీ ఒకే కారు, 1998 టొయోటా సుప్రా ఆర్‌జెడ్, ఇద్దరివీ ఎస్1 క్లాసులో 900 పాయింట్లకి సరిపోయేట్టు కట్టినవే. మన ఒంగోలు వైపు బండలాగుడు పందేల్లో రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఎడ్లని విడదీస్తారే, ఈ గేములో క్లాసు అంటే అంతే. ఒకే విభాగంలో ఉన్నంత మాత్రాన రెండు జతలూ ఒకేలా లాగవు, ఒక జత మొదట్లో లాగి తర్వాత చతికిలపడుతుంది, ఇంకొకటి కదలడానికే మొరాయించి కదిలాక ఆగదు. నీది రెండో రకం.

నువ్వు ఎప్పుడూ చూసే లెక్కలేంటి? గుర్రాలు, 0 నుంచి 60 మైళ్ళు, 0 నుంచి 100 మైళ్ళు, టాప్ స్పీడు. అప్‌గ్రేడ్ మెనూలో అవే కనపడతాయి కాబట్టి అవే చూస్తావు. పూర్వం గ్రాన్ టురిస్మో గేములో కూడా మెషీన్ టెస్ట్ అంటే 0 నుంచి 400 మీటర్లు, 0 నుంచి 1000 మీటర్లు, టాప్ స్పీడు, అంతే ఉండేది. కానీ రేసులో మనం సున్నా నుంచి బయల్దేరేది ఒక్కసారి, మొదట్లో. ఆ తర్వాత అంతా 80 కిలోమీటర్లలోనో 100లోనో మలుపు తిరిగి, ఉన్న గేరులోనే ట్రిగ్గర్ (మన యాక్సిలరేటర్) నొక్కి బయటపడటమే. అక్కడ పనికొచ్చేది గేరు మార్చకుండా వచ్చే పికప్. దాని లెక్క ఏ మెనూలోనూ ఉండదు, మనమే కొలుచుకోవాలి.

ఎట్టా కొలిచానో చెప్తా విను, మళ్ళీ మాయ అనకుండా. ఆటోమేటిక్ గేర్లు తీసేసి మాన్యువల్ పెట్టా. లేకపోతే నువ్వు నొక్కగానే గేమే గేరు దించేసి లెక్క చెడగొడుతుంది. ఫెస్టివల్ దగ్గర డ్రాగ్ స్ట్రిప్ ఎంచుకున్నా, ఎత్తుపల్లాలు ఉండవని. అయినా నమ్మకం లేక ఆ వైపు నుంచి ఈ వైపుకీ, ఈ వైపు నుంచి ఆ వైపుకీ రెండు దిక్కులా కొలిచా. నాలుగో గేరులో 60 దగ్గర కాసేపు నిలకడగా పోనిచ్చి, మెల్లగా 80కి తెచ్చి, అప్పుడు ట్రిగ్గర్ చివరిదాకా నొక్కడం. స్క్రీన్ మొత్తం రికార్డ్ చేసి, నొక్కినప్పటి నుంచి స్పీడోమీటర్ మీద 120 పడేదాకా ఎన్ని ఫ్రేములో (వీడియోలో ఒక్కో బొమ్మ ఒక్కో ఫ్రేము) లెక్కపెట్టా. సెకనుకి 60 ఫ్రేములు కాబట్టి 60తో భాగిస్తే సెకన్లు వచ్చేస్తాయి. స్టాప్‌వాచ్‌తో అయితే మన వేలే పావు సెకను తినేస్తుంది.

మొదటి రాత్రి జరిగింది వింటే నవ్వుతావు. మూడింటికి కరెంటు పోయింది. పరిగెత్తి జనరేటర్ వేసి, ఏరేటర్లు అన్నీ తిరుగుతున్నాయో లేదో చూసుకుని, కాళ్ళకి బురదతోనే వచ్చి కూర్చుని మళ్ళీ కొలిస్తే, నా కారు 80 నుంచి 120కి 1.4 సెకన్లలో వెళ్ళిపోయింది! అంతకు ముందు దాకా 2.8 వచ్చేది. ఒక్కడినే షెడ్డులో గంతులేశాను అనుకో. నీకు మెసేజ్ కూడా టైపు చేసేశా, పంపలేదు, దేవుడు కాపాడాడు. తీరా చూస్తే ల్యాప్‌టాప్ ప్లగ్గు పెట్టలేదు, బ్యాటరీ మీద ఉంటే అది గేముని 30 ఫ్రేములకి తగ్గించేసింది, నేనేమో అలవాటు కొద్దీ 60తోనే భాగించా. అప్పటి నుంచి మొదట ప్లగ్గు, తర్వాతే గేము.

సరే, లెక్కలు. నాలుగో గేరులో 80 నుంచి 120: నాది 2.8 సెకన్లు, నీది 5.3. ఐదేసి సార్లు చేశా, అటూ ఇటూ ఒకటి రెండు ఫ్రేముల తేడానే. అదే గేరులో 140 నుంచి 180: నాది 2.7, నీది 2.3. అంటే 140 దాటాక నువ్వే రాజువి, అది నేను ఎప్పుడూ కాదనలేదు. మలుపు బయట 90లో ఉన్నప్పుడు మాత్రం నీ 700 గుర్రాలు నిద్రలో ఉంటాయి.

ఎందుకో తెలుసా? టెలిమెట్రీ, అదే ఇంజను లెక్కలు చూపే తెర, తెరిచి పెట్టుకుని చూడు. నాలుగో గేరులో 100 దగ్గర నీ ఇంజను 3,300 ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్ని చుట్లు) ఉంది, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినా అప్పుడే బూస్ట్, అంటే టర్బో ఇంజనులోకి గాలి నెట్టే ఒత్తిడి, రాదు, టార్క్ (ఇంజను తిప్పే బలం) 250 న్యూటన్ మీటర్ల చుట్టూ తిరుగుతుంటుంది. న్యూటన్ మీటర్లని ఆర్‌పీఎంతో గుణించి సుమారు 7,100తో భాగిస్తే గుర్రాలు వస్తాయి. వేసి చూడు, 116. అంతే! 700 గుర్రాలు అని నువ్వు కారు మీద రాసుకున్నా, ఆ క్షణంలో నీ చేతిలో ఉన్నవి 116. నాది అదే 100 దగ్గర 3,900లో 500 న్యూటన్ మీటర్లు ఇస్తోంది, అంటే 275 గుర్రాలు. ఇప్పుడు ఎవడు ముందుంటాడు? నీ 700 ఉండేది పైన 6,500 దాటాక, అక్కడికి చేరేసరికి తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

అదంతా నువ్వు బిగించిన ఆ పెద్ద టర్బో పుణ్యమే. అది తిరగాలంటే బోలెడు పొగ కావాలి, 3,300లో ఇంజను అంత పొగ వదలదు. అసలు కంపెనీ వాళ్ళు ఈ బాధ తెలిసే ఆ మూడు లీటర్ల ఇంజనుకి రెండు టర్బోలు పెట్టి, తక్కువ ఆర్‌పీఎంలో పొగంతా ఒక్కదానికే పోయేట్టు, పైకి వెళ్ళాక రెండోది కలిసేట్టు కట్టారు. మనమేమో మొదటి రోజే ఆ రెండూ పీకి పారేసి గంగాళం అంత టర్బో ఒకటి బిగిస్తాం, తర్వాత పికప్ లేదని ఏడుస్తాం. నేను చిన్నది బిగించా. పైన గుర్రాలు తగ్గాయి, మిగిలిన పాయింట్లు టైర్లకీ బరువు తగ్గించడానికీ పెట్టుకున్నా.

ఇక్కడే ఆగితే నువ్వు "అయితే టర్బో మార్చేస్తా" అంటావు. ఆగు. నేనూ మూడో రాత్రి దాకా అట్టాగే అనుకున్నా. తర్వాత అనుమానం వచ్చింది, ఒకే స్పీడు, ఒకే నాలుగో గేరు, చక్రాలు కూడా ఒకే సైజు, మరి నీది 3,300, నాది 3,900 ఎందుకు? దించుకున్న ట్యూన్‌లో సెట్టింగులు తాళం వేసి ఉంటాయి, నీ ఫైనల్ డ్రైవ్ (గేర్లన్నిటినీ ఒకేసారి పొట్టిగానో పొడుగ్గానో చేసే నిష్పత్తి) ఎంతో నాకు కనపడదు. కానీ కనపడనక్కర్లేదు, 3,900ని 3,300తో భాగిస్తే 1.18. అంటే నా నాలుగో గేరు నీ దానికంటే 18 శాతం పొట్టిది, అంటే ఇంజను ఒక్కటే అయినా నా చక్రానికి 18 శాతం ఎక్కువ లాగుడు అందుతుంది. నువ్వు టాప్ స్పీడు కోసం గేర్లన్నీ పొడుగ్గా సాగదీసుకుని పెట్టుకున్నావు. కాబట్టి "నాలుగో గేరులో నాది ఇంత, నీది ఇంత" అని నేను పైన రాసిన పోలికే సగం అన్యాయం. నేనే రాసి నేనే అంటున్నా, చూడు ఎంత మంచోడినో.

అందుకని నీ కారుని మూడో గేరులో పెట్టి మళ్ళీ కొలిచా. 100 దగ్గర 4,600 ఆర్‌పీఎం, 80 నుంచి 120కి 2.9 సెకన్లు. నాది నాలుగులో 2.8! దాదాపు సమానం. గేరు నంబరు పట్టుకుని వేలాడితే ఇదే ఇబ్బంది, ఒకడి నాలుగు ఇంకొకడి మూడున్నర. స్పీడు పట్టుకోవాలి, ఈ స్పీడు నుంచి ఆ స్పీడుకి ఎవరికి అనువైన గేరులో వాళ్ళు, అదొక లెక్క. గేరు మార్చకుండా ఉన్నదాంట్లోనే, అది వేరే లెక్క. రెండూ కొలిస్తేనే కారు సంగతి తెలుస్తుంది. మొదటిది ఇంజను ఎంత ఇవ్వగలదో చెబుతుంది, రెండోది మనం బద్ధకంగా తోలితే ఎంత క్షమిస్తుందో చెబుతుంది. నువ్వు బద్ధకస్తుడివి, నీకు రెండోదే ముఖ్యం.

ఇదంతా మనకి కొత్తా చెప్పు? కావలిలో చదివేటప్పుడు తుమ్మలపెంట రోడ్డు మీద మీ మావయ్య ఆర్‌ఎక్స్ 100, మా బాబాయి బుల్లెట్ గుర్తున్నాయా? టాప్ గేరులో 40లో పక్కపక్కన పోతూ, గేరు దించకూడదు అని ఒప్పందం పెట్టుకుని రేస్ ఇస్తే బుల్లెట్ గుడుగుడుమంటూ నిన్ను వదిలేసి వెళ్ళిపోయింది. నీ ఆర్‌ఎక్స్ అయితే దగ్గుతోంది. రెండోసారి నువ్వు ఒప్పందం మర్చిపోయినట్టు నటించి రెండు గేర్లు టకటక దించి, ఆ రింగుమనే చప్పుడుతో నా ముఖాన పొగ కొట్టి పోయావు. ఆ రోజు నేను మోసం అన్నాను, నువ్వు "బండిని దాని పద్ధతిలో తోలాలిరా" అన్నావు. ఇప్పుడు నీ సుప్రాకి ఆ మాటే నేను చెప్తున్నా.

ఇంకో చిన్న విషయం, నొక్కే ముందు ఏం చేస్తున్నావన్నది కూడా తేడా తెస్తుంది. 60 నుంచే పూర్తిగా నొక్కి పట్టుకుని, 80 దాటినప్పటి నుంచి లెక్కపెడితే నీది నాలుగో గేరులోనే 5.3 నుంచి 4.4కి దిగింది, బూస్ట్ ముందే కొంచెం ఎక్కి ఉంటుంది కాబట్టి. నాది 2.8 కాస్తా 2.7 అయింది, అంతే. ఎవడన్నా వీడియో పెట్టి "80-120 ఇంతలో" అంటే, ఎక్కడ నుంచి నొక్కాడో చెప్పకపోతే నమ్మకు. వెనక రెక్క కూడా తీసి చూశా, 120 లోపల తేడా ఫ్రేముల్లో కూడా దొరకలేదు, 180 దాటాక మాత్రం తెలుస్తుంది. గాలి అడ్డం స్పీడు వర్గంతో పెరుగుతుంది కదా.

నీ కారుకి నేనైతే ఏం చేస్తానంటే, టర్బో ఒక సైజు దించి, ఫైనల్ డ్రైవ్ పదో పన్నెండో శాతం పొట్టి చేస్తా. టాప్ స్పీడు పోతుంది, పోనీ, మనం ఆడే రోడ్లలో నువ్వు దాన్ని ముట్టుకున్నది ఎప్పుడు? టర్బో మీద చెయ్యి వెయ్యనివ్వనంటే కనీసం గేరు దించడం నేర్చుకో. వెనక చక్రాలకే తోలే కారు, మూడో గేరులో బూస్ట్ ఒక్కసారిగా వస్తే తోక తిరుగుద్ది, ట్రిగ్గర్ మెల్లగా నొక్కు. రెండు రకాలుగానూ కట్టి కోడ్లు పంపిస్తా, నువ్వు కూడా కొలిచి చెప్పు, నా చేతి లెక్కల్లో తప్పుంటే పట్టుకో. ప్లగ్గు పెట్టుకుని కొలువు.

వచ్చే వారం మాత్రం ఆటకి పిలవకు, రొయ్యల పట్టుబడి ఉంది, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది) బాగానే ఉంది కానీ రేటు చూస్తే టెన్షన్ వస్తోంది. మీ అమ్మకి కాలు నొప్పి తగ్గిందా? ఒంగోలు ఎప్పుడు వస్తున్నావో ముందే చెప్పు, మధ్యలో కావలి దగ్గర కలుద్దాం, బుల్లెట్ ఇంకా తిరుగుతూనే ఉంది.

మూడో ఏరేటర్ చప్పుడు తేడాగా వస్తోంది, పోయి చూసొస్తా. ఉంటా.

నీ,
చెరువు గట్టు కాపలాదారు